సియావ్ తెచ్చిన పాటల పెట్టె

1993 మార్చి 6, శనివారం

నా పేరు అకువా అచియా. వయసు టీచరమ్మ లెక్కలో డెబ్బై నాలుగు, నా మోకాళ్ళ లెక్కలో తొంభై. కుమాసీలో మా అమ్మ కట్టించిన ఇంట్లో పుట్టాను, పెళ్ళయ్యాక కూడా ఇక్కడే ఉన్నాను. రోజూ సాయంత్రం వండి, గిన్నె మొగుడి ఇంటికి పంపేదాన్ని. అతను తిని, బుద్ధి పుట్టినప్పుడు ఇక్కడికి వచ్చేవాడు. ఇప్పుడు ఈ ఇంట్లో నేను, మా చెల్లెలి కూతురు అబ్రెఫి, దాని నలుగురు పిల్లలు, ముందు గదిలో అద్దెకుండే టీచరమ్మ గ్లాడిస్ ఆంపాడు, ఎవరి మాటా వినని ఒక పుంజు.

నాకు అక్షరం రాదు. రానందుకు సిగ్గూ లేదు. నేను చెప్తున్నాను, టీచరమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మెత్తబెట్టకూడదని ముందే మాట తీసుకున్నాను. ఇది ఎవరికీ చదివి వినిపించడానికి కాదు. నాకు కోపమొస్తే ఏ రోజు ఏం జరిగిందో అన్నీ కలిసిపోతాయి. "పెద్దమ్మా, రోజుకింత చెప్పు. కోపం చల్లారినా కాగితం చల్లారదు" అంది టీచరమ్మ. బడిపంతులు మాటలు. అయినా బాగానే ఉంది అనిపించింది.

నిన్న యావ్ బదు వచ్చాడు. నా మొగుడు క్వాబెనా సియావ్‌కి అక్క కొడుకు. సియావ్ పోయి పది నెలలు. మగవాడి సొత్తు మేనల్లుడికి పోతుంది, అది కొత్త సంగతీ కాదు, నేను ఏడ్చే సంగతీ కాదు. లారీ వాడికి పోయింది, ఇల్లు వాడికి పోయింది, సియావ్ కూర్చునే కుర్చీలో ఇప్పుడు వాడు కూర్చుంటున్నాడు. ఇంకా ఏమైనా మిగిలాయేమో చూసుకుందామని వచ్చాడు.

గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఏం అత్తా, నా పెళ్ళామా, కులాసానా?"

మామ పోతే మామ పెళ్ళాం కూడా మేనల్లుడి లెక్కలోకే వస్తుందని మావాళ్ళ పరాచికం. "పెళ్ళాన్ని అన్నావుగా, ఇదిగో షియా వెన్న. కూర్చుని నా మోకాళ్ళకి రాయి" అన్నాను.

వాడు నవ్వేసి గదిలోకి పోయాడు. మూలన ఉన్న పాటల పెట్టె మూత ఎత్తాడు. మీట తిప్పాడు. అది ముసలి మేక దగ్గినట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"ఈ డొక్కు మాకొద్దు అత్తా. నువ్వే ఉంచుకో. మూత తీసేస్తే కోడి పొదగడానికి బాగుంటుంది."

టీచరమ్మ వింది. నా స్నేహితురాలు అఫ్రాకోమా అక్కడే కూర్చుని ఉంది, ఆమె కూడా వింది. ఆమెకి కళ్ళు పోయాయి కానీ చెవులు పోలేదు.

కోడి పొదగడానికట!

అందుకే దాన్ని బాగుచేయిస్తాను. పాటల మీద ప్రేమతో కాదు. సియావ్ మీద ప్రేమతో అసలే కాదు. అతను దాన్ని తన సరదాకి కొనుక్కున్నాడు. తన ఇంట్లో ఉంటే మేనల్లుళ్ళు దాని మీద కూర్చుంటారని నా ఇంట్లో పెట్టాడు. అంతే. అంతే అని రాయి టీచరమ్మా.

మార్చి 9, మంగళవారం

సుఆమె అనే మెకానిక్కుల పేటకి వెళ్ళాం. పెట్టె అబ్రెఫి నెత్తిన, దాని ముందు నేను. అక్కడ విరిగిన లారీకి కాళ్ళు పెట్టి నడిపిస్తారు, ఒక పాటల పెట్టెను నడిపించలేరా?

రేడియోలు బాగుచేసే ఇస్సాకా అని ఒకడున్నాడు, ఉత్తరాది మనిషి. స్క్రూలు విప్పి, లోపలికి చూసి, డాక్టరులాగా మొహం పెట్టాడు.

"అవ్వా, రబ్బరు చక్రం రాయైపోయింది. సూది అరిగి మొద్దయింది. మోటారు చచ్చిపోయింది. కావాలంటే వాసన చూడు."

చూశాను. మాడిన కర్రపెండలం వాసన.

"మట్టి చేసెయ్యి అవ్వా. క్యాసెట్ ప్లేయరు కొనుక్కో. చవక. అరచేతిలో పడుతుంది."

"మీ అమ్మకి మోకాళ్ళు నొప్పెడితే ఆమెను పాతిపెట్టి చవకలో కొత్త అమ్మను కొనుక్కుంటావా?"

పక్క కొట్టువాళ్ళు పనులు ఆపి చూశారు. ఇస్సాకా పగలబడి నవ్వాడు. మంచివాడే.

"నా దగ్గరున్న రికార్డు నీ క్యాసెట్లో పడుతుందా?" అని అడిగాను.

"పట్టదు."

"అయితే నోరు మూసుకుని మోటారు వెతుకు."

మార్చి 10, బుధవారం

ఉన్న డబ్బు చూసుకున్నాను. టీచరమ్మ ఎంతుందో రాస్తానంది. వద్దన్నాను. చాలదు అని రాయి, చాలు.

మార్చి 18, గురువారం

ఇస్సాకా కబురు పంపాడు. లైబీరియాలో యుద్ధం తప్పించుకుని వచ్చిన ఒకావిడ దగ్గర ప్లేయరు ఉందట. పై భాగమంతా పగిలిపోయింది, మోటారు మాత్రం బతికే ఉంది. వెళ్ళాం. ఆమె ఒక సంకన బిడ్డను, ఇంకో సంకన ఆ పెట్టెను పెట్టుకుని సరిహద్దులు దాటి వచ్చిందట. అన్నీ వదిలేసి పెట్టె ఎందుకు మోశావని అడిగించాను. ఆమెకు మా భాష రాదు, ఇస్సాకా ఏదో భాషలో అడిగాడు. "ఏమో, తెలియదు అంటోంది" అన్నాడు.

నాకు తెలుసు. ఇది రాయొద్దన్నాను టీచరమ్మా.

ఆమెకు నేనివ్వగలిగినంత డబ్బు చాలదు. నేను కట్టుకున్న గుడ్డ వైపే చూస్తోంది. ఇంటికొచ్చి బట్టల ట్రంకు అడుగున ఉన్న బట్ట తీశాను. ఆరు గజాలు, నీలం మీద తెల్ల పిట్టలు. నేను పోయినప్పుడు కప్పడానికి దాచుకున్నది.

అబ్రెఫి లబలబలాడింది. "పెద్దమ్మా, రేపు నిన్నేం కప్పి పంపాలి? ఊరు నన్నే అంటుంది!"

"మట్టి కప్పండి. మట్టి కింద నా బట్ట ఎవడు చూడొచ్చాడు?"

బట్ట ఇచ్చాను. మోటారు తెచ్చాను. ఆ లైబీరియా ఆవిడకు పిట్టలు బాగా నప్పాయి. కాస్త బాధేసింది. కాస్తే.

మార్చి 27, శనివారం

పెట్టె ఇంటికొచ్చింది. కొత్త సూది, లారీ రబ్బరుతో కోసి అరగదీసిన చక్రం, లైబీరియా మోటారు, దాని పక్కన కరెంటు తగ్గించే చిన్న డబ్బా. పాతది పైన చెక్క మాత్రమే.

నా రికార్డు తీశాను. మిగతావన్నీ సియావ్‌వి. ఇదొక్కటే నాది. అంచున వేలిగోరంత పెచ్చు లేచి ఉంటుంది, చేత్తో తడిమితే తెలిసిపోతుంది. యాభై ఏడులో మా పేటకి ఒక కంపెనీ మనిషి వచ్చి, మా ఏడుగురు ఆడవాళ్ళం పాడుకునే పాటలు రెండు పట్టుకుపోయాడు. ఎత్తుకునేది నేను, అందుకునేది మిగతా ఆరుగురు. మధ్యలో ఉన్న కాగితం మీద డప్పు కొట్టినవాడి పేరు రాసి ఉందని టీచరమ్మ చెప్తోంది. ఉండనీ. వాడు పోయి ఇరవై ఏళ్ళయింది, వాడి డప్పు నా గొంతు కింద వినబడీ వినబడనట్టు ఉంటుంది.

సూది పెట్టాడు ఇస్సాకా. పాట మొదలైంది. నేనూ అందుకున్నాను. అచ్చు గుద్దినట్టు కలిసింది, ఒక్క చోట కూడా తేడా రాలేదు. అబ్రెఫి పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇస్సాకా మాత్రం మొహం అదోలా పెట్టాడు. తిరిగే పళ్ళెం మీద సుద్దముక్కతో గీత గీశాడు. చేతి గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు.

"అవ్వా, నిమిషానికి డెబ్బై ఎనిమిది తిరగాలి. అరవై అయిదే తిరుగుతోంది. ఈ మోటారు లైబీరియా కరెంటుకు చేసింది. మన కరెంటులో నీరసంగా నడుస్తుంది. పాట సాగిపోతోంది."

"పాడింది ఎవరు?"

"నువ్వే."

"కలిసిందా లేదా? ఇప్పుడు నీ చెవులతో విన్నావుగా?"

"కలిసింది, కానీ..."

"నా గొంతు కన్నా నీ గడియారం ఎక్కువా? దాన్నే బాగుచేయించుకో."

తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

మార్చి 31, బుధవారం

రోజూ పెడుతున్నాను. సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 1, గురువారం

సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 3, శనివారం

అఫ్రాకోమా వచ్చింది. ఆ ఏడుగురిలో బతికున్నది మేమిద్దరమే. రికార్డు పెట్టాను, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపు విని అడిగింది.

"ఎవరే ఈ ముసలిది పాడుతోంది?"

"నేనేనే గుడ్డిదానా."

"ఇది ఇప్పటి నువ్వు. అప్పటి నువ్వేదీ? మా వెనక వరసను చూడు, ఆవులిస్తూ పాడుతున్నట్టుంది. మనం ఇంత మెల్లగా పాడి ఉంటే, కర్మకాండలకి పిలిచినవాళ్ళు మనల్నే పాతిపెట్టేవాళ్ళు!"

"నీ చెవులు కూడా పోయాయి" అన్నాను.

"నా చెవులు పోలేదు అకువా. నీ గొంతే కిందికి దిగిపోయింది. యంత్రం కూడా నీతోపాటు దిగింది, అందుకే నీకు నచ్చింది."

ఆ తర్వాత నేనన్న మాటలు టీచరమ్మ రాయనంది. రాయకపోతే పోనీ, అఫ్రాకోమాకి గుర్తుంటాయి. వేరుసెనగ పులుసు తినకుండానే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 6, మంగళవారం

ఇస్సాకాను నేను పిలిపించలేదు. వాడే వచ్చాడని రాయి.

సరే, అబ్రెఫిని పంపాను.

మోటారు ఇరుసుకి వాడు ఇత్తడి తొడుగు చేసి తెచ్చాడు, ఉంగరమంత. ఇరుసు లావైతే పళ్ళెం జోరుగా తిరుగుతుందట. పెట్టాడు, గీత చూశాడు, తీశాడు, ఆకురాయితో గీశాడు, మళ్ళీ పెట్టాడు. నాలుగు సార్లు. తరవాత గడియారం నా కళ్ళ ముందు పెట్టి, "నువ్వే లెక్కపెట్టు అవ్వా, నన్ను నమ్మవుగా" అన్నాడు. లెక్కలు నాకు బాగానే వచ్చు, బజారులో కెంకె, అదే మొక్కజొన్న ముద్దలు, అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచాను. డెబ్బై ఎనిమిది.

రికార్డు పెట్టాడు.

అందులోని అకువా నన్ను దాటిపోయింది. నేను ఎత్తుకునేలోపే ఆమె రెండో మాట మీద ఉంది. పరుగెత్తాను. మొదటి వరసలోనే ఊపిరి తెగింది. పైన ఎక్కడో, చెట్టు చిటారు కొమ్మన కూర్చుని పాడుతోంది, నన్ను చూడనైనా చూడదు. ముప్పై ఎనిమిదేళ్ళ పొగరు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు ఇస్సాకా.

"తీసెయ్యి" అన్నాను. "పాటను అన్నాను. తొడుగును కాదు."

ఏప్రిల్ 7, బుధవారం

పెట్టలేదు.

ఏప్రిల్ 8, గురువారం

పెట్టలేదు. పెట్టె మీద గుడ్డ కప్పాను. దుమ్ము పడుతుందని.

ఏప్రిల్ 10, శనివారం

అఫ్రాకోమాని చెయ్యి పట్టుకుని నేనే తీసుకొచ్చాను. "తిట్టడానికా, తిండి పెట్టడానికా?" అని అడిగింది. "రెండింటికీ" అన్నాను.

రికార్డు పెట్టాను. పాడలేదు. ముప్పై అయిదేళ్ళుగా ఈ పాటతో కలిసి పాడుతూనే ఉన్నాను, ఒక్కసారి కూడా వినలేదని ఇవాళ తెలిసింది. విన్నాను. వెనక వరసలో మా చెల్లెలి గొంతు ఉంది, అబ్రెఫి తల్లి. చనిపోయి పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ దాన్ని నా గొంతుతో కప్పేశాను.

"ఇదీ మనం!" అని అఫ్రాకోమా తొడ చరిచింది.

అబ్రెఫి గుమ్మంలో నిలబడిపోయింది, రోకలి చేతిలోనే ఉంది. ఆ పూట దంచాల్సిన ఫుఫూ ముద్ద ఆలస్యమైంది. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 17, శనివారం

పేటలో ఆడవాళ్ళు పదిహేను మంది వచ్చారు. పీటలు చాలలేదు. వచ్చేవారం ఎవరి పీట వాళ్ళే తెచ్చుకోవాలని చెప్పాను.

ఏప్రిల్ 24, శనివారం

యావ్ బదు వచ్చాడు. జనం ఉన్నారు, రికార్డు తిరుగుతోంది. గేటు దగ్గర నిలబడి అంతా విన్నాడు. పాట అయ్యాక లోపలికొచ్చి పెట్టె చుట్టూ తిరిగాడు, ఎద్దును కొనేవాడిలాగా.

"బాగా చేయించావు అత్తా. మామ సంవత్సరీకానికి ముందు దీన్ని ఇంటికి చేర్చాలి. అక్రాలో ఒకాయన పాత ప్లేయర్లు, రికార్డులు కొంటున్నాడు. బయటిదేశాలకు పంపుతాడట."

"కోడి పొదగడానికి అన్నావుగా?"

"ఏదో నవ్వులాటకి అన్నాను."

"ఉంచుకో అన్నావు. సాక్షులున్నారు."

వాడు అందరూ వినేలా గొంతు పెంచాడు. "ఉంచుకో అన్నాను. మరి నువ్వు అసెదా పెట్టావా? పుచ్చుకున్నవాళ్ళు నలుగురి ముందు జిన్ను సీసా పెట్టి, దణ్ణం పెట్టి, ఇచ్చినవాడు తాగితేనే కదా అది ఇచ్చినట్టు? నేను తాగానా? ఒక్క చుక్క నా నాలికకు తగిలిందా?"

పిల్లాడికైనా తెలిసిన పద్ధతి. అసెదా పెట్టని కానుక కానుక కాదు, అరువు.

"పోనీ మామ ఇచ్చాడంటావా? ఆయనకైనా పెట్టావా? మా ఇంట్లో ఎవరైనా తాగామా?"

"మొగుడు తెచ్చినదానికి పెళ్ళాం జిన్ను పోస్తుందట్రా? రోజూ పోసిన పులుసు చాలదూ?"

"పులుసుకు సాక్షులు లేరు అత్తా. వచ్చేది కాక ఆ పై మంగళవారం, పేట తగవులు తీర్చే రాణమ్మ దగ్గర పంచాయితీ పెట్టిస్తాను. అక్కడ చెప్పుకో."

పోతూ పోతూ పెట్టె మీద చెయ్యి వేశాడు. పీట విసిరాను. తగల్లేదు.

ఏప్రిల్ 26, సోమవారం

టీచరమ్మ పొద్దున్న వచ్చి నెమ్మదిగా అంది. "పెద్దమ్మా, ఒక సీసా తీసుకెళ్ళి వాడి ముందు పెట్టి, ఉంచుకోమన్నందుకు సంతోషం బాబూ అనెయ్యి. ఒక్క మాట. పెట్టె నీదైపోతుంది."

ఆ మాట నా నోట రాదు. నా పాడె మీది బట్ట ఇచ్చి బతికించుకున్నదానికి వాడికి దణ్ణమా? పెట్టెను గొడ్డలితో ముక్కలు చేసి పొయ్యిలో పెడతాను కానీ అనను.

టీచరమ్మ కలం మూసేసింది. మళ్ళీ తెరువు అన్నాను. మొదటిరోజు రాయించిన దాంట్లో ఒక అబద్ధం ఉంది. కొట్టెయ్యకు, కింద ఇది రాయి.

సియావ్ ఆ పెట్టె తన సరదాకి కొనలేదు. రికార్డు వచ్చిన ఏడాది, అది వేసి వినడానికి మా ఇంట్లో ఏమీ లేదు. గోడకి ఆనించి పెట్టుకుని చూసేదాన్ని, పళ్ళెంలాగా. అప్పుడు ఇంటి కప్పు కారుతోంది. రేకులు తెమ్మన్నాను. సియావ్ దుంగల లారీ తోలుకుని సముద్రం దాకా వెళ్ళి, మూడు వారాలకి వచ్చాడు. లారీ దిగి, పాత దుప్పట్లో చుట్టినది నా ముందు పెట్టాడు. విప్పాను. రేకులు కాదు.

"రేకులు తెమ్మంటే ఇదా తెచ్చేది? పాట కప్పుకుని పడుకోమంటావా?" అన్నాను. డ్రైవర్లందరి ముందూ అన్నాను. అతను పోయి రికార్డు పెట్టాడు. నా గొంతు అందులోంచి వచ్చింది. నేను వంటింట్లోకి పోయాను.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు ప్రతి శనివారం వచ్చి ఆ రికార్డు ఒకసారి పెట్టేవాడు. నేను వంటింట్లోంచి కలిసి పాడేదాన్ని. బాగుంది తెచ్చావు అని ఒక్కనాడూ అనలేదు. ఎందుకనాలి? ఆ ఏడాది నా నెత్తిన వాన కురిసింది.

ఎందుకనాలి?

మే 3, సోమవారం

రేపు పంచాయితీ. సీసా కొన్నాను. ప్రతివాళ్ళూ పంచాయితీకి ఒకటి తేవాలి కాబట్టి కొన్నాను. రెండు కొన్నాను. ఎందుకో టీచరమ్మ అడిగింది. నాకూ తెలియదు.

మే 4, మంగళవారం

అంతా రాయి. అలిసిపోయాను, కానీ అంతా రాయి.

సియావ్ వాళ్ళ ఇంటి నడిమి వాకిట్లో కూర్చున్నారు. ఎత్తు పీట మీద పేట రాణమ్మ నానా పోమా. పక్కన ఆమె మాటను మనకు, మన మాటను ఆమెకు అందించే బోఫో, చేతిలో కర్ర. ఎదురుగా వాళ్ళ ఇంటిపెద్ద బోన్సు, ఆయన పక్కన సియావ్ కుర్చీలో యావ్ బదు. మా వైపు అఫ్రాకోమా, అబ్రెఫి, ఇస్సాకా, టీచరమ్మ. పెట్టెను మధ్యలో పెట్టారు, దొంగను నిలబెట్టినట్టు.

యావ్ బదు చెప్పాడు. వాడికి మాటలొచ్చు. అబద్ధం ఒక్కటీ లేదు, అదే నాకు మంట.

నా వంతు వచ్చింది. టీచరమ్మ ఈ పుస్తకం తెరిచి, మార్చి ఆరున రాసినది చదివింది. "నువ్వే ఉంచుకో అత్తా" అన్న చోట ఆగింది.

"ఇంకా చదవమను" అన్నాడు బోన్సు.

"మిగతాది నా సొంతం" అన్నాను. టీచరమ్మ చప్పున మూసేసింది.

రాణమ్మ బోఫో చెవిలో చెప్పింది, అతను బయటికి పలికాడు. "మాట అన్నాడని తెలిసింది. కానీ కాగితం జిన్ను తాగదు. అసెదా ఉందా?"

"లేదు."

"నీ మొగుడు తెచ్చిన నాడు?"

"అప్పుడూ లేదు."

ఇస్సాకా లేచి, లోపలున్నదంతా ఆమె పెట్టిందే, చెక్క ఒక్కటే పాతదని చెప్పాడు. బోన్సు నవ్వాడు. "ఇంకొకరి పొలంలో మొక్క నాటితే పొలం నీదవుతుందా?" మేం కూడా మా పొలాల దగ్గర అదే అంటాం.

చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి బోఫో కర్ర తాటించాడు.

"అకువా అచియా, రాణమ్మ నీ కష్టం చూసింది. దారి ఒకటుంది. సియావ్ కుర్చీలో యావ్ బదు ఉన్నాడు. వాడికి పెడితే సియావ్‌కి పెట్టినట్టే. సీసా నీ దగ్గరుంది. ఇప్పుడే, ఇక్కడే వాడి ముందు పెట్టి దణ్ణం పెట్టు. పెట్టె తీసుకుపో. పెట్టకపోతే పెట్టె ఈ ఇంట్లో ఉంటుంది."

యావ్ బదు బట్ట సర్దుకుని, కాలు మీది కాలు దించి కూర్చున్నాడు. పెద్దమనిషిలాగా. "రా అత్తా. ఏం కాదు. నువ్వు నా పెళ్ళానివే కదా."

జనం నవ్వారు.

లేచాను. సీసా మూత తీశాను. యావ్ బదు చెయ్యి చాచాడు.

వాణ్ణి దాటిపోయాను. గుమ్మం దగ్గర, సియావ్ రోజూ చెప్పులు విడిచే చోట, నేల మీద ఆగాను. నా చెప్పులు విడిచాను.

"క్వాబెనా సియావ్" అన్నాను. మళ్ళీ పిలిచాను, పాట ఎత్తుకున్నట్టు. "క్వాబెనా సియావ్! నేను అకువాని. రేకులు తెమ్మంటే నువ్వు పాటల పెట్టె తెచ్చావు. నలుగురిలో నిన్ను తిట్టాను. ఆ నలుగురూ పోయారు, ఈ నలుగురున్నారు. వీళ్ళు విననీ. తడిసిన మాట నిజం. విన్న మాట కూడా నిజం. నువ్వు తెచ్చింది బాగుంది. నాకోసమే తెచ్చావని ఆ రోజే తెలుసు. ఇదిగో, పుచ్చుకున్నాను. తాగు."

పోశాను. నేల తాగేసింది.

అప్పుడు బోఫో లేచాడు. "ఇది చెల్లదు! చచ్చినవాడు పుచ్చుకున్నాడని ఎవరు చెప్తారు?"

నేను తిరిగాను. "ప్రతి పండక్కీ నువ్వే కదా బోఫో, పోయిన పెద్దలకు జిన్ను పోసి పిల్లల్నిమ్మంటావు, వాననిమ్మంటావు, నీ మోకాలి నొప్పి తగ్గించమంటావు? అడుక్కునేటప్పుడు వాళ్ళు తాగుతారు. ఇచ్చారు కదా, సంతోషం అంటే మాత్రం వాళ్ళకు గొంతు పట్టేస్తుందా?"

అఫ్రాకోమా ముందు నవ్వింది, పడీ పడీ నవ్వింది. తర్వాత అబ్రెఫి. తర్వాత వాళ్ళ వైపు ఆడవాళ్ళు. బోఫో ఔనంటే కేసు పోతుంది, కాదంటే ఉద్యోగం పోతుంది.

రాణమ్మ నవ్వలేదు. పీట మీద ముందుకు వంగి, తడిసిన నేలను చూసింది. ఆమెకు కూడా మొగుడు పోయాడు, నాకన్నా ముందే. బోఫో చెవిలో చెప్పలేదు ఈసారి. తన నోటితోనే అంది.

"అసెదా పెట్టినచోట సాక్షులకు కూడా పోయాలి కదా? నా గ్లాసేదీ?"

పోశాను. ఆమె తాగింది. బోన్సుకు పోశాను. రాణమ్మ తాగిన చోట ఇంటిపెద్ద కాదంటాడా, తాగాడు. బోఫో కళ్ళు మూసుకుని తాగాడు. ఒక సీసా అయిపోయింది, రెండోది తీశాను. ఆ వరసనే అందరికీ.

చివరికి యావ్ బదు ముందుకు వచ్చాను. గ్లాసు నింపి పట్టుకున్నాను. తాగితే వాడూ సాక్షే. తాగకపోతే, ఏ మామ కుర్చీలో కూర్చున్నాడో ఆ మామ పుచ్చుకోలేదని చెప్పినట్టు, మామ ఇంటి గడప మీదే.

వాడు నన్ను చూశాడు. "అత్తా, నువ్వు మనిషివి కాదు" అన్నాడు.

"పెళ్ళాన్ని. ఆయనకి. పట్టుకో" అన్నాను.

వాడు గ్లాసు పట్టుకున్నాడు.

ఇదీ జరిగింది. ఇందులో ఒక్కచోట అబద్ధం చెప్పాను, అదెక్కడో కూడా చెప్పాను, కింద దిద్దాను. పెట్టె మూలన దాని చోటులో ఉంది. అక్షరం రాదు కాబట్టి బొటనవేలు పెడుతున్నాను. సిరా ఎక్కువైంది, ఫరవాలేదు, స్పష్టంగా పడనీ.

అకువా అచియా, వేలిముద్ర.

సాక్షులు, తాగిన వరసలో:

నానా పోమా, పేట రాణమ్మ.

బోన్సు, ఇంటిపెద్ద.

బోఫో. మొహం చిట్లించాడు.

అఫ్రాకోమా. రెండుసార్లు తాగింది, రెండోసారి పోయలేదు, తనే పోసుకుంది.

అబ్రెఫి.

ఇస్సాకా. ముస్లిం కాబట్టి తాగలేదు, కోలా కాయ కొరికాడు. రాణమ్మ చెల్లుతుందంది.

గ్లాడిస్ ఆంపాడు, రాసినది. చర్చివాళ్ళకు తెలియకూడదంది.

యావ్ బదు. తాగాడు.